ఒంటిని ప్రేమించుకోవడం ఎవరి పని?

గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో 2023 సెప్టెంబర్ 8న డబ్ల్యూడబ్ల్యూఈ వాళ్ళ కుస్తీ ప్రదర్శన జరిగింది. నాకు వాటి మీద మోజేమీ లేదు. పదిహేడేళ్ళ మా మేనకోడలు "అత్తా, నువ్వొస్తానంటేనే నాన్న పంపిస్తాడు" అని ప్రాధేయపడితే తోడు వెళ్ళాను. ఆడవాళ్ళ ఛాంపియన్‌షిప్ కోసం రియా రిప్లీ, నటాల్యా తలపడ్డారు. రిప్లీ ఆస్ట్రేలియా అమ్మాయి. మంచి పొడగరి. నల్లబట్టలు, వెడల్పాటి భుజాలు, తొడల నిండా కండ. ఆమె రాగానే మా పిల్ల లేచి నిలబడిపోయింది. మా వెనక వరసలో నలుగురు కుర్రాళ్ళు. "ఇది ఆడదేనారా" అన్నాడొకడు. రెండోవాడు ఆమె ఒంటిని భాగాలుగా విడగొట్టి వర్ణించడం మొదలుపెట్టాడు, తెలుగులో, మాకు వినపడేలా. రింగ్‌లో ఉన్నవాళ్ళకి తెలుగు రాదు. మాకొచ్చు.

మా పిల్ల బరువు 82 కిలోలు. ఇది రాయొద్దని ముందు అంది, తర్వాత "రాయి అత్తా, ఏమవుతుంది" అంది. తిరిగొచ్చేటప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు దగ్గరపడుతుండగా అడిగింది: "అన్ని కండలుండి, అంత పేరుండి కూడా అవే మాటలు పడింది. చూశావా?"

ఆ మరుసటి ఏడు ఒక మహిళా కళాశాలలో సదస్సుకి వెళ్ళాను. అంశం శరీరం, ఆత్మవిశ్వాసం. వక్త తెర మీద అదే రియా రిప్లీ బొమ్మ వేసి, "మిమ్మల్ని మీరు అంగీకరించండి, మీ ఒంటిని మీరు ప్రేమించుకోండి, అప్పుడు లోకం మిమ్మల్ని ప్రేమిస్తుంది" అని చెప్పింది. మంచి మాటలే. పిల్లలు చప్పట్లు కొట్టారు. చివర్లో వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడమ్, నన్ను నేను అంగీకరించాను. మిగతావాళ్ళే అంగీకరించలేదు. ఇప్పుడేం చెయ్యాలి?" అంది. హాలంతా నవ్వింది. "ముందు నిన్ను నువ్వు ఇంకా గట్టిగా నమ్మాలి" అని వక్త జవాబు. నేను కూడా ఆ వేదిక మీదే ఉన్నాను. నేనూ ఏమీ మాట్లాడలేదు. ఇది ఆ అమ్మాయికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

నా అభ్యంతరం ఒకటే. స్త్రీ శరీరాన్ని అవమానించేది ఒకరు, ఆ అవమానాన్ని మాపుకునే బాధ్యత మాత్రం అవమానపడ్డ మనిషిది! ఆత్మవిశ్వాసం పేరుతో మనకి అప్పజెప్పింది మరో ఇంటిచాకిరీ. ప్రొఫెషనల్ కుస్తీని ఎత్తుకోవడానికి కారణం, అందులో ఈ సంగతి దాచుకోకుండా బట్టబయలుగా జరుగుతుంది కాబట్టి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. ఈ కుస్తీలో ఎవరు గెలవాలో ముందే నిర్ణయమై ఉంటుంది. అందుకని అదంతా మోసం అని మనలాంటి చదువుకున్నవాళ్ళు తీసిపారేస్తారు. సురభి నాటకంలో మాయలు చూసి మోసపోయామని ఎవరమైనా అనుకున్నామా? ఫలితం కల్పితం, పడటం మాత్రం నిజం. చెక్కపలకల మీద పల్చటి మెత్త, దాని మీద కాన్వాసు, అంతే. మెడ విరిగితే నిజంగానే విరుగుతుంది. కనుక ఆ రింగ్‌లో స్త్రీ శరీరం ఎవరో రాసిన పాత్ర. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అని మనం సాహిత్యంలో అడిగే ప్రశ్న అక్కడా అడగొచ్చు.

చైనా కథ చూడండి. చైనా దేశం కాదు, జోనీ లారర్ అనే అమెరికన్ స్త్రీ రింగ్ పేరు. 1997లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లోకి వచ్చింది. (తర్వాత అదే డబ్ల్యూడబ్ల్యూఈ అయింది.) మగవాళ్ళకి దీటైన ఒళ్ళు. 1999లో రాయల్ రంబుల్‌లో మగవాళ్ళ మధ్యకి దిగిన మొదటి స్త్రీ ఆమె. అదే ఏడు అక్టోబర్ 17న జెఫ్ జారెట్‌ని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ అయింది. ఆ పోటీకి కంపెనీ పెట్టిన పేరు 'గుడ్ హౌస్‌కీపింగ్'. అంటే సుగృహిణి పోటీ! ఆయుధాలేమో పెనాలు, గుడ్లు, పిండి, ఇంటి సామాన్లు. మధ్యలో జారెట్ ఛాంపియన్ బెల్టుతో కొట్టి గెలిస్తే, బెల్టు ఇంటి సామాను కాదు కాబట్టి చెల్లదని ఆట మళ్ళీ మొదలుపెట్టారు. ఒక స్త్రీ తొలిసారి ఆ పతకాన్ని గెలవాలంటే వంటిల్లు మొత్తం రింగ్‌లోకి మోసుకురావాల్సి వచ్చింది. ఇది రాసిన మహానుభావుడికి హాస్యం తెలుసు, ఏం చేస్తున్నాడో కూడా తెలుసు.

అంత గెలిచిన మనిషిని జనం ఏమన్నారు? మన భాషలో చక్కటి మాటుంది: మగరాయుడు. ఆమె దవడకి శస్త్రచికిత్స చేయించుకుంది, రొమ్ములకి చేయించుకుంది. 2000లో ప్లేబాయ్ ముఖచిత్రమైంది. అప్పుడు అందరూ ఆమెకి ఆత్మవిశ్వాసం వచ్చిందన్నారు. 2001లో కంపెనీ నుంచి బయటికి వచ్చింది. తర్వాతి బతుకు మత్తుమందులతో, డబ్బు ఇబ్బందులతో గడిచి, 2016 ఏప్రిల్‌లో 46 ఏళ్ళకి ముగిసిపోయింది. 2019లో కంపెనీ ఆమెని గౌరవ జాబితాలో చేర్చింది, ఒక బృందంలో సభ్యురాలిగా, మగవాళ్ళ పక్కన. జోనీ తనని తాను ప్రేమించుకోలేకపోయిందని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కండలున్నప్పుడు ఆడది కాదన్నారు, ఆడదానిలా తయారైతే సరుకన్నారు. ఏ ఒంటిని ప్రేమించుకోవాలి ఆమె?

2001లో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ ట్రిష్ స్ట్రాటస్‌ని రింగ్‌లో మోకాళ్ళ మీద పాకించి కుక్కలా మొరిగించాడు. 2009లో మిక్కీ జేమ్స్ అనే చక్కటి యోధురాలికి లావని పేరుపెట్టి, పందిపిల్ల అని వెక్కిరించే కథ నెలల తరబడి నడిపారు. అవమానించే మాటలు తోటి స్త్రీల చేత పలికించారు. అత్తాకోడళ్ళ సీరియళ్ళు చూసే మనకి ఈ ఏర్పాటు కొత్తేం కాదు. ఒకరి ఒంటిమీద బట్టలు ఒకరు లాగేసుకుంటే గెలిచినట్టు లెక్కగట్టే పోటీలు కొన్నేళ్ళు నడిచాయి. ఆడవాళ్ళ ఛాంపియన్ బెల్టు మీద సీతాకోకచిలుక బొమ్మ 2016 దాకా ఉంది.

మరి మార్పు రాలేదా? వచ్చింది. 2015 ఫిబ్రవరిలో ఆడవాళ్ళ పోటీని అర నిమిషంలో ముగించేస్తే ప్రేక్షకులు తిరగబడ్డారు, వీళ్ళకి అవకాశమివ్వండని. 2018 అక్టోబర్‌లో పూర్తిగా స్త్రీలతోనే ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. 2019 ఏప్రిల్‌లో రెజిల్‌మేనియా చివరి పోటీ, అంటే ప్రధానమైనది, మొదటిసారి ముగ్గురు స్త్రీలది. నేను దీన్ని తక్కువ చెయ్యను. ఆ అమ్మాయిలు ఒళ్ళు విరగ్గొట్టుకుని సంపాదించుకున్నది. కానీ ఆ గెలుపుని కంపెనీ వెంటనే తన ఔదార్యంగా రాసుకుంది, 'విప్లవం' అని పేరుపెట్టి టీషర్టుల మీద వేసి అమ్మింది. మొరిగించినవాడే విప్లవానికి కూడా యజమాని. అతను 2022లో ఒకసారి తప్పుకుని తిరిగొచ్చాడు. 2024 జనవరిలో ఒక మాజీ ఉద్యోగిని లైంగిక దాడి ఆరోపణలతో కోర్టుకెక్కాక మళ్ళీ రాజీనామా చేశాడు. ఆరోపణలు నిజం కావంటున్నాడు. ఇంకొకటి. అందులో కుస్తీపట్టేవాళ్ళు కంపెనీ లెక్కలో ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. యూనియన్ లేదు. నీ ఒంటిని నువ్వు ప్రేమించుకోమనే కంపెనీ, ఆ ఒంటికి యజమానిగా తన బాధ్యత ఎంతో కాగితం మీద మాత్రం తేల్చదు.

బట్టల సంగతి వద్దామనుకుంటూనే ఇక్కడిదాకా వచ్చాను. 2018 ఏప్రిల్‌లో ఇదే కంపెనీ సౌదీ అరేబియాలో జెడ్డాలో పెద్ద ప్రదర్శన పెట్టింది. స్త్రీలకి ప్రవేశం లేదు, రింగ్‌లోకి. 2019 అక్టోబర్ 31న రియాద్‌లో మొదటిసారి నటాల్యా, లేసీ ఎవాన్స్ తలపడ్డారు, మెడ నుంచి కాళ్ళ దాకా కప్పుకుని. ఒకప్పుడు బట్టలు లాగించిన కంపెనీయే ఇప్పుడు కప్పించింది. రెండుచోట్లా కొలత తీసుకున్నది కొనేవాడు.

ఈ మధ్యలోనే మన దేశం నుంచి కవితా దేవి ఉంది. హర్యానా మనిషి. పెళ్ళయింది, బిడ్డ ఉంది. 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ 75 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చింది. అదే ఏడు జలంధర్‌లో గ్రేట్ ఖలీ అకాడమీ ప్రదర్శనలో, దమ్మున్నవాళ్ళెవరైనా రండని సవాలు వస్తే, సల్వార్ కమీజ్‌తో ప్రేక్షకుల్లోంచి లేచి రింగ్‌లోకి దిగింది. సవాలు చేసినామెను ఎత్తి పడేసింది. 2017లో అమెరికాలో జరిగిన మే యంగ్ క్లాసిక్‌లోనూ కాషాయరంగు సల్వార్‌తోనే దిగింది. మొదటి రౌండ్‌లో ఓడిపోయింది. ఓటమి ఎవరికీ గుర్తులేదు, సల్వార్ గుర్తుంది. కొందరు అందులో భారతీయ సంస్కారాన్ని చూసి మురిసిపోయారు, కొందరు వెనకబాటుతనాన్ని చూశారు. మళ్ళీ బట్ట దగ్గరే ఆగారు. 75 కిలోల విభాగంలో బరువులెత్తిన ఆ భుజాల గురించి ఎవరు మాట్లాడారు?

మనకిది పాత చర్చే. జయప్రభ పైటను తగలెయ్యమంది. ఆ ధిక్కారం మా తరానికి ఊపిరి. జూపాక సుభద్ర 'కొంగు' రాసి, కూలి చేసుకునే దళిత స్త్రీకి కొంగు సిగ్గుకి కాపలా కాదు, పనిలో తోడని గుర్తుచేసింది. రెండూ నిజమే, కానీ రెండో నిజం వినడానికి మాలో చాలామందిమి ఆలస్యం చేశాం. చూపులకి ఎదురు నిలబడటం మీద ఎంతో రాశాం. పనిచేసే ఒళ్ళు, బరువులెత్తే ఒళ్ళు, మరో మనిషిని మోసే ఒళ్ళు మన విమర్శలోకి తక్కువగా వచ్చాయి, నా రాతలతో సహా. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి దేశానికి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి స్త్రీ అయింది. సభల్లో ఆమె పేరు చెప్తాం. మన ఇంట్లో పిల్లకి ఆమె భుజాలొస్తే మాత్రం సంబంధాలు రావని గుండెలు బాదుకుంటాం.

తొడగొట్టడం మన భాషలో మగవాళ్ళ సొత్తు. సినిమాల నిండా మోగుతూనే ఉంటుంది. 1954లో తొడగొట్టిన స్త్రీ ఒకామె ఉంది. హమీదా బాను. అలీగఢ్ పేరుతో ప్రసిద్ధికెక్కింది. నన్ను ఓడించినవాణ్ణి పెళ్ళాడతానని పహిల్వాన్లకి సవాలు విసిరింది. ఆ మే నెలలో బరోడాలో బాబా పహిల్వాన్‌ని 1 నిమిషం 34 సెకన్లలో పడేసింది. ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, బరువు 108 కిలోలని పత్రికలు రాశాయి. అంతటితో ఊరుకోలేదు. రోజుకి ఎన్ని లీటర్ల పాలు తాగుతుంది, ఎంత మాంసం, ఎన్ని గుడ్లు, ఎన్ని పళ్ళేల బిర్యానీ తింటుంది, ఎన్ని గంటలు నిద్రపోతుంది, అన్నీ పట్టికలు వేశాయి. మగ పహిల్వాన్ తిండి కూడా రాస్తారు, నిజమే, అయితే అది ఘనత. ఇక్కడ వింత జంతువు మేత లెక్క.

ఆమెకి ఆత్మవిశ్వాసం తక్కువా? ఆ రోజుల్లో, ఆ ఒంటితో, దేశంలోని మగవాళ్ళందరినీ గోదాలోకి రమ్మన్న మనిషి! కొల్హాపూర్‌లో ఒక మగ పహిల్వాన్‌ని ఓడిస్తే జనం రాళ్ళు రువ్వారు. ఆమె పోటీలన్నీ ముందే కుదుర్చుకున్నవని ఆడిపోసుకున్నారు. కొన్ని కుదుర్చుకున్నవే అయ్యుండొచ్చు, ప్రదర్శన కుస్తీలో అది మామూలే. మగవాళ్ళ విషయంలో దాన్ని వృత్తి అన్నారు, ఆమె విషయంలో దగా అన్నారు. ఆటకి అనుమతి నిరాకరిస్తున్నారని అప్పటి బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయ్‌కి ఆమె మొరపెట్టుకుంటే, స్త్రీ అని కాదు, ఉత్తుత్తి ప్రత్యర్థుల్ని నిలబెడుతున్నారని ఫిర్యాదులొచ్చాయని జవాబొచ్చింది. ఆ తర్వాత ఆమె యూరప్ వెళ్ళి పోటీచేస్తానంది. వెళ్ళకుండా ఆపడానికి ఆమెతో ఉండే శిక్షకుడు సలామ్ పహిల్వాన్ కర్రలతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని, కాళ్ళూ దెబ్బతిన్నాయని, చాలాకాలం ఊతకర్రతో నడిచిందని కుటుంబసభ్యులు, ఇరుగుపొరుగు చెప్పిన సంగతి బీబీసీ రాసింది. చివరి రోజులు కల్యాణ్‌లో పాలమ్ముకుని, రోడ్డు పక్కన చిరుతిళ్ళు అమ్ముకుని బతికింది. 1986లో పోయింది. 2024 మే 4న గూగుల్ తన ముఖపేజీలో ఆమె బొమ్మ వేసింది. రంగులు బాగున్నాయి. విరిగిన చెయ్యి అందులో లేదు.

మగవాళ్ళ మీద గెలిచిన ఒంటిని ఇంట్లోనే విరగ్గొట్టారు. ఈ కథని "నిన్ను నువ్వు నమ్ముకో" అనే సూక్తిలో ఎలా ఇముడుస్తాం?

ఇంకా దగ్గరి కాలానిది జపాన్‌లోని హానా కిమురా ఉదంతం. కుస్తీపట్టే తల్లికి పుట్టిన కుస్తీపట్టే కూతురు. రింగ్‌లో దుష్టపాత్ర, గులాబీరంగు జుట్టు, ధాటీ. ఒక టీవీ రియాలిటీ షోలో చేరింది. తోటి కుర్రాడు చూసుకోకుండా ఆమె కుస్తీ దుస్తుల్ని వాషింగ్ మెషిన్‌లో వేసి పాడుచేశాడు. ఆమె కోప్పడి అతని నెత్తిమీది టోపీ విసిరికొట్టింది. ఆ దృశ్యం ప్రసారమయ్యాక ఇంటర్నెట్‌లో ఆమె రూపం మీద, నడత మీద వందలకొద్దీ విషపు మాటలు కురిశాయి. 2020 మే 23న ఆమె ప్రాణం తీసుకుంది. 22 ఏళ్ళు. అలా రాసినవాళ్ళలో ఒకడికి పడ్డ జరిమానా 9,000 యెన్లు. అప్పటి చట్టంలో అవమానించడానికి అంతకంటే పెద్దగా శిక్షే లేదు. తల్లి కూడా పోరాడితే 2022లో ఏడాది జైలుదాకా పడేలా చట్టం మార్చారు. హానాకి కావాల్సింది ఇంకొంచెం ఆత్మస్థైర్యం అని మనం అనగలమా? వందలమంది కొడుతుంటే ఒక్క మనిషి లోపలి నుంచి ఎంత గట్టిపడాలి? ఆ చట్టం మార్పే నా దృష్టిలో సరైన దిక్కు. అవమానం ఖరీదు అవమానించినవాడి జేబులోంచి పోవాలి.

'అయితే ఆడవాళ్ళు తమ ఒంటిని అసహ్యించుకుంటూనే ఉండాలా' అని ఎవరైనా అడగొచ్చు. అక్కర్లేదు. కుస్తీలోనే నాకు వేరే దారి కనపడింది. గచ్చిబౌలి నుంచి వచ్చాక ఈ విద్య ఎలా నేర్పుతారో చదివాను. మొదట నేర్పేది కొట్టడం కాదట, పడటం. వెల్లకిలా పడేటప్పుడు గడ్డాన్ని గుండెకి ఆనించాలి, తల నేలకి తగలకూడదు. వీపు మొత్తం ఒక్కసారే తాకాలి. అరచేతులతో నేలని చరచాలి, ఊపిరి వదిలేయాలి. ఒకామె మరొకామెను ఎత్తి పడేస్తున్నట్టు మనకి కనపడుతుంది. నిజానికి ఎత్తించుకునేది కూడా సరిగ్గా ఆ క్షణంలో ఎగురుతుంది. ఎత్తినది ఆమె మెడ కాపాడాలి. అక్కడ 82 కిలోలంటే సిగ్గు కాదు, గర్వమూ కాదు, ఎదుటి మనిషి తెలుసుకోవాల్సిన సమాచారం. నన్నిలా పట్టుకో, ఇటువైపు బరువెక్కువ, మోకాలు నొప్పి, చూసుకో. శత్రువుల్లా నటిస్తున్న ఇద్దరు స్త్రీల మధ్య జరిగే ఈ లెక్క నన్ను కదిలించినంతగా ఏ ఆత్మవిశ్వాస ప్రసంగమూ కదిలించలేదు. ఒంటిని అద్దంలో చూసుకుని ప్రేమించడం కాదది. ఒంటితో ఏం చెయ్యొచ్చో మరొక మనిషి చేతుల్లో తెలుసుకోవడం.

కనుక ఆ వెనక బెంచీ అమ్మాయితో ఇప్పుడైతే ఇలా అంటాను: నీ పని నువ్వు చేసేశావు తల్లీ. ఇక మిగిలింది వాళ్ళ పని. హాస్టల్లో నీ కంచం వైపు చూసి నవ్వేవాళ్ళది, పెళ్ళిచూపుల్లో బరువడిగేవాళ్ళది, ఆ వేదిక మీద కూర్చుని మౌనంగా ఉన్న నాలాంటివాళ్ళది. వాళ్ళని నిలదీయడానికి నీకు తోడు కావాలి, అది నీ లోపల దొరకదు.

మా మేనకోడలు ఆరు నెలలుగా జూడో నేర్చుకుంటోంది. అందులోనూ మొదట పడటమే నేర్పారట. వాళ్ళమ్మకి ఇష్టంలేదు. "ఇప్పటికే ఇంతుంది, ఇంకా భుజాలు పెరిగితే ఎవడు చేసుకుంటాడు వదినా" అని నాతో గొడవపడింది. నేనూ గట్టిగానే మాట్లాడాను, అనకూడని మాట ఒకటి అన్నాను కూడా. రెండు వారాలుగా మా మధ్య మాటల్లేవు. నిన్న సాయంత్రం పిల్ల మా ఇంటికొచ్చి పరుపు కిందకి లాగి, "నన్ను తొయ్యి అత్తా" అంది. తోశాను. సరిగ్గా తొయ్యలేదట. మళ్ళీ తొయ్యమంది.